300 పిక్సెల్స్ అంటే ఎంత? బ్రౌజర్ల గొడవ, మధ్యలో మన తెలుగు

ఈరోజు ఎపిసోడ్‌లో కొంచెం వెనక్కి వెళ్దాం.

ఒక సైట్ మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో చక్కగా ఓపెన్ అవుతుంది. అదే లింక్ ఫ్రెండ్‌కి పంపిస్తారు. వాడి ఐఫోన్‌లో కింద ఉండాల్సిన పేమెంట్ బటన్ సగం స్క్రీన్ బయటికి పోయి ఉంటుంది. "నాకు బానే వస్తోంది కదరా" అంటారు మీరు. "నాకు రావట్లేదురా" అంటాడు వాడు. ఇద్దరూ కరెక్టే. ఫ్రంట్ ఎండ్ పని చేసేవాళ్లు ముప్ఫై ఏళ్లుగా ఈ మాట వింటూనే ఉన్నారు. నేను వీడియోల్లోకి రాకముందు చేసిన ఉద్యోగంలో మా క్లయింట్ ఆఫీసుల్లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 తప్ప వేరే బ్రౌజర్ ఉండేది కాదు. పేజీ కట్టడానికి రెండు రోజులు, దాన్ని ఆ ఒక్క బ్రౌజర్‌లో నిలబెట్టడానికి నాలుగు రోజులు. బీటెక్‌లో హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగులు బట్టీ పట్టించారు గానీ, ఈ తలనొప్పి ఎక్కడ పుట్టిందో ఎవరూ చెప్పలేదు. అదే ఈరోజు చెప్తాను. ఇందులో మన తెలుగు పేపర్ల కథ కూడా ఉంది. అందుకే చివరిదాకా ఉండండి.

ముందు ఒక్క ముక్కలో బేసిక్స్. పెళ్లి శుభలేఖ తీసుకోండి. వరుడు ఎవరు, వధువు ఎవరు, ముహూర్తం ఎప్పుడు, విందు ఎక్కడ, ఈ మేటరంతా హెచ్‌టీఎమ్‌ఎల్. ఏ రంగు కాగితం, ఎలాంటి అక్షరాలు, పైన వినాయకుడి బొమ్మ ఎంత సైజు, ఇది సీఎస్ఎస్. మేటర్ ఒకటే, డిజైన్ ఎన్ని రకాలుగా అయినా మార్చుకోవచ్చు.

వెబ్ మొదట్లో ఈ రెండో భాగం లేదు. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ ల్యాబ్‌లో సైంటిస్టులు పేపర్లు పంచుకోవడానికి పుట్టిన వ్యవస్థ అది. హెడ్డింగ్ ఏది, పేరా ఏది అని చెప్తే చాలు. ఎలా చూపించాలో బ్రౌజర్ చూసుకుంటుంది. కానీ మామూలు జనం పేజీలు రాయడం మొదలుపెట్టగానే, నా హెడ్డింగ్ ఎర్రగా ఉండాలి, మధ్యలో ఉండాలి అని అడగడం మొదలైంది. మొజాయిక్ బ్రౌజర్ రాసిన మార్క్ ఆండ్రీసెన్ 1994 మొదట్లో ఒక మెయిల్‌లో దీని మీద జోకే వేశాడు. పేజీ ఎలా కనిపించాలో తామే డిసైడ్ చేస్తామని వచ్చేవాళ్లకి, సారీ, మీ పని అయిపోయింది అని చెప్పడం తనకు భలే సరదాగా ఉందని దాని సారాంశం.

అదే ఏడాది అక్టోబర్ 10న, సెర్న్‌లో పనిచేస్తున్న నార్వే కుర్రాడు హోకన్ వియుమ్ లీ ఒక ప్రతిపాదన పెట్టాడు. పేజీ రూపానికి విడిగా ఒక స్టైల్ షీట్ ఉండాలన్నాడు. ఆ మొదటి డ్రాఫ్ట్‌లో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. అందులో ప్రతి రూల్ పక్కన ఒక శాతం ఉంటుంది. ఈ హెడ్డింగ్ ఇంత సైజులో ఉండాలి, ఇది నాకు 100 శాతం ముఖ్యం. ఇంకోటి అంత సైజులో ఉండాలి, దాని మీద నా పట్టు 40 శాతమే. అంటే రాసినవాడి మాట కొంత, చదివేవాడి మాట కొంత. ఇంట్లో టీవీ రిమోట్ కోసం జరిగే బేరం లాంటిదే. ఈ శాతాల లెక్క తర్వాత తీసేశారు, ఎందుకంటే ఎర్ర రంగులో 40 శాతం, నీలంలో 60 శాతం కలిపితే ఏం చూపించాలో ఎవరికీ తెలియదు. కానీ కాస్కేడింగ్ అనే పేరు మాత్రం అక్కడి నుంచే వచ్చింది. చాలామంది మాటలు ఒకదాని మీద ఒకటి పడుతుంటే, చివరికి ఎవరిది చెల్లుతుందో తేల్చే పద్ధతి అన్నమాట. నెదర్లాండ్స్ నుంచి బెర్ట్ బోస్ అప్పటికే తన ఆర్గో బ్రౌజర్ కోసం ఇలాంటిదే రాసుకుంటున్నాడు. ఇద్దరూ కలిశారు.

కానీ టైమింగ్ చూడండి. ఆ డ్రాఫ్ట్ వచ్చిన మూడు రోజులకే నెట్‌స్కేప్ తన బ్రౌజర్‌ని జనంలోకి వదిలింది. నెట్‌స్కేప్‌కి కమిటీల కోసం ఎదురుచూసే ఓపిక లేదు. రంగు కావాలా, ఫాంట్ ట్యాగ్ తీసుకో. మధ్యలో పెట్టాలా, సెంటర్ ట్యాగ్ తీసుకో. అక్షరాలు మినుకు మినుకు మనాలా, దానికీ ఒక ట్యాగ్ ఉంది. డిజైనర్లు కూడా ఆగలేదు. లెక్కలు చూపించడానికి పెట్టిన టేబుల్‌ని తీసుకుని, గీతలు కనపడకుండా చేసి, పేజీ మొత్తాన్ని అందులో సర్దారు. ఖాళీ కావాల్సిన చోట కంటికి కనపడని ఒక్క పిక్సెల్ జిఫ్ బొమ్మను సాగదీసి పెట్టేవారు. టేబుల్‌లో టేబుల్, అందులో ఇంకో టేబుల్.

సీఎస్ఎస్ మొదటి వెర్షన్ అధికారికంగా 1996 డిసెంబర్ 17న వచ్చింది. దానికి నాలుగు నెలల ముందే మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 3లో కొంత సీఎస్ఎస్ పెట్టేసింది. తర్వాతి రోజుల్లో విలన్ అనిపించుకున్న కంపెనీయే సీఎస్ఎస్‌ని మొదట నెత్తికెత్తుకున్న పెద్ద కంపెనీ. ఇది చాలామంది మర్చిపోతారు. నెట్‌స్కేప్ మాత్రం జావాస్క్రిప్ట్‌తో నడిచే తన సొంత స్టైల్ షీట్ పద్ధతిని ముందుకు తోసింది. అది స్టాండర్డ్ కాలేదు. దాంతో 1997లో వచ్చిన నెట్‌స్కేప్ 4 సీఎస్ఎస్‌ని లోపల జావాస్క్రిప్ట్ స్టైల్స్‌గా మార్చుకుని చూపించేది. ఫలితం ఏంటంటే, జావాస్క్రిప్ట్ ఆఫ్ చేస్తే సీఎస్ఎస్ కూడా ఆఫ్. ఫ్యాన్ స్విచ్ ఆపితే ఫ్రిజ్ ఆగిపోయినట్టు.

ఇప్పుడు టైటిల్‌లో ఉన్న ప్రశ్నకి వద్దాం. 300 పిక్సెల్స్ అంటే ఎంత?

మీ ఇంట్లోవాళ్లు ఎప్పుడైనా అపార్ట్‌మెంట్ చూడ్డానికి వెళ్తే ఈ గొడవ మీరు వినే ఉంటారు. 1200 ఎస్ఎఫ్‌టీ అంటాడు బిల్డర్. అది కార్పెట్ ఏరియానా, గోడలతో కలిపి బిల్టప్ ఏరియానా అని నాన్నగారు అడుగుతారు. సరిగ్గా ఇదే గొడవ బ్రౌజర్లలో జరిగింది. ఒక బాక్స్ వెడల్పు 300 అని రాశారు. లోపల రెండు పక్కలా 20 చొప్పున ప్యాడింగ్, 5 చొప్పున బోర్డర్. సీఎస్ఎస్ స్టాండర్డ్ ఏమంటుందంటే, 300 అనేది కార్పెట్ ఏరియా. గోడలు అదనం. మొత్తం బాక్స్ 350 అవుతుంది. విండోస్‌లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 ఏమంటుందంటే, 300 బిల్టప్. గోడలు అందులోనే, లోపల మేటర్‌కి మిగిలేది 250. ఒకే పేజీ, ఒకే కోడ్, 50 పిక్సెల్స్ తేడా. మూడు కాలమ్స్ పక్కపక్కనే పెట్టారంటే ఒక బ్రౌజర్‌లో సరిపోతాయి, ఇంకో దాంట్లో మూడోది కిందికి జారిపోతుంది.

దీనికి కనిపెట్టిన విరుగుడు చూస్తే నవ్వొస్తుంది. చూపులేనివాళ్ల కోసం పేజీని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఏ గొంతుతో చదవాలో చెప్పడానికి, సీఎస్ఎస్‌లో వాయిస్ ఫ్యామిలీ అనే ప్రాపర్టీ ఉంది. దాంట్లో కొటేషన్ గుర్తుల్ని ఒక వంకర పద్ధతిలో రాస్తే, ఐఈ 5కి బుర్ర తిరిగి, ఈ రూల్ ఇక్కడితో అయిపోయింది అనుకుని బయటికి వెళ్లిపోయేది. మిగతా బ్రౌజర్లు ముందుకు చదివి అసలు వెడల్పు తీసుకునేవి. ఇది కనిపెట్టినవాడు టాంటెక్ చెలిక్. ఆయన అప్పుడు మైక్రోసాఫ్ట్‌లోనే, మ్యాక్ కోసం ఐఈ తయారుచేసే టీమ్‌లో ఉన్నాడు! గొంతు సెట్ చేసే ప్రాపర్టీతో వెడల్పు సరిచేయడం కొన్నేళ్లపాటు డెవలపర్లకి రోజువారీ పని.

నా అభిప్రాయం అడిగితే, ఈ ఒక్క విషయంలో మైక్రోసాఫ్ట్ లెక్కే మనిషి బుర్రకి దగ్గరగా ఉంది. 300 వెడల్పు అట్టపెట్టె అంటే అట్టతో కలిపే కదా కొలుస్తాం. తర్వాత సీఎస్ఎస్‌లోనే బాక్స్ సైజింగ్ అనే ప్రాపర్టీ పెట్టి, ఏ లెక్క కావాలో మీరే చెప్పుకోండి అన్నారు. 2013లో వచ్చిన బూట్‌స్ట్రాప్ 3 బిల్టప్ లెక్కనే డిఫాల్ట్‌గా తీసుకుంది. ఈరోజు మీరు నేర్చుకునే ఏ ట్యుటోరియల్‌లో అయినా మొదటి రెండు మూడు లైన్లలో బోర్డర్ బాక్స్ అని రాయిస్తారు చూడండి, అదీ దీని వెనకున్న కథ.

1998లో జెఫ్రీ జెల్డ్‌మన్ లాంటి కొందరు డెవలపర్లు విసిగిపోయి వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్ట్ అని ఒకటి మొదలుపెట్టారు. ప్రతి సైట్‌ని ఒక్కో బ్రౌజర్‌కి ఒక్కోలా కట్టలేం, మీరంతా ఒకే పుస్తకం ఫాలో అవ్వండి అని కంపెనీల మీద ఒత్తిడి తెచ్చారు. కానీ ఒక చిక్కు ఉంది. బ్రౌజర్ ఇప్పుడు తప్పు సరిదిద్దుకుంటే, ఆ తప్పుని నమ్ముకుని కట్టిన లక్షల పాత పేజీలు చెడిపోతాయి. తిట్లు పడేది బ్రౌజర్‌కే. దీనికి దొరికిన దారి, పేజీ మొదట్లో రాసే డాక్‌టైప్ లైన్. అది సరిగ్గా ఉంటే కొత్త రూల్స్‌తో చూపిస్తా, లేకపోతే పాత తప్పులతోనే చూపిస్తా అన్నమాట. ఈ స్విచ్‌తో మొదట వచ్చింది 2000 మార్చిలో మ్యాక్ కోసం వచ్చిన ఐఈ 5. ఆ పాత మోడ్‌కి క్వర్క్స్ మోడ్ అని పేరు. ఇది ఇప్పటికీ బతికే ఉంది. మీ ప్రాజెక్ట్‌లో ఆ మొదటి లైన్ తీసేసి క్రోమ్‌లో తెరవండి. బాడీకి పెట్టిన ఫాంట్ సైజు టేబుల్‌లోపలికి దిగడం మానేస్తుంది. నెట్‌స్కేప్ కాలం నాటి పేజీల కోసం మీ ఫోన్‌లో ఈరోజుకీ ఆ కోడ్ ఉంది.

ఐఈ 6 గురించి త్వరగా చెప్పి వెళ్లిపోతా. దాని మీద ఏడ్చినవాళ్లు చాలామందే ఉన్నారు, నేను కొత్తగా ఏడవక్కర్లేదు. 2001 ఆగస్టులో వచ్చింది. అప్పటికి అది మంచి బ్రౌజరే. నెట్‌స్కేప్ పడిపోయింది, ప్రపంచంలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఐఈ వాడే రోజులు వచ్చాయి. పోటీ లేకపోయేసరికి మైక్రోసాఫ్ట్ పని ఆపేసింది. ఐఈ 7 రావడానికి 2006 అక్టోబర్ దాకా పట్టింది. ఐదేళ్లు! మధ్యలో 2004 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 1.0 రాకపోతే ఇంకెన్నేళ్లు పట్టేదో. చివరికి 2011లో మైక్రోసాఫ్టే సొంతంగా సైట్ పెట్టి మరీ, దయచేసి ఐఈ 6 వాడకండి అని జనానికి చెప్పుకుంది. అంతకు ముందు 2009లో యూట్యూబ్‌లో, ఈ బ్రౌజర్‌కి మా సపోర్ట్ త్వరలో ఆగిపోతుంది అని ఒక బ్యానర్ వచ్చింది. అది పైవాళ్ల నిర్ణయం కాదు, మేం కొందరు ఇంజనీర్లం ఎవరినీ అడగకుండా పెట్టేశాం అని అక్కడ పనిచేసిన ఒకాయన పదేళ్ల తర్వాత రాశాడు. మిగతా సైట్లు, యూట్యూబే చేసింది కదా మనకేంటి అని వెనకాలే చేశాయి.

ఇక ఐఫోన్ సంగతి. 2007 తర్వాత ఆట మొబైల్‌కి మారింది. కొత్త ఫీచర్లు ఇంకా స్టాండర్డ్ కాకముందే టెస్ట్ చేసుకోవడానికి ప్రతి బ్రౌజర్ తన పేరు ముందు తగిలించి ఇచ్చేది. ఆపిల్ వాటికి వెబ్‌కిట్ అని, ఫైర్‌ఫాక్స్ వాటికి మొజ్ అని. ఉద్దేశం మంచిదే, ఇది ఇంకా ట్రయల్, నమ్ముకోవద్దు అని. కానీ డెవలపర్లు ఐఫోన్‌లో చూసి, వెబ్‌కిట్ పేరుతో ఒక్క లైన్ రాసి, పని అయిపోయిందని లాప్‌టాప్ మూసేశారు. మిగతా బ్రౌజర్లలో అవే సైట్లు బోసిగా కనిపించేవి. 2012 ఫిబ్రవరిలో సీఎస్ఎస్ వర్కింగ్ గ్రూప్ కో-చైర్ డానియెల్ గ్లాజ్‌మన్ డెవలపర్లకి బహిరంగంగా మొరపెట్టుకున్నాడు, దయచేసి ఒక్క బ్రౌజర్ కోసమే రాయకండి అని. ఎవరూ పెద్దగా వినలేదు. ఆ ఏడాదే ఒపెరా, పక్కవాడి పేరున్న లైన్లని మేం కూడా చదువుతాం అంది. 2016లో ఫైర్‌ఫాక్స్ కూడా అదే చేసింది. ఇప్పుడు అవి రాతపూర్వకంగా స్టాండర్డ్‌లోనే ఉన్నాయి. ట్రయల్ కోసం పెట్టిన పేరు పర్మనెంట్ అయిపోయింది, మనోళ్లకి చిన్నప్పుడు పెట్టిన ముద్దుపేరు ఆధార్ కార్డులోకి ఎక్కినట్టు.

ఒక విషయం చాలామందికి తెలియదు. మన దేశంలో ఐఫోన్‌లో మీరు క్రోమ్ ఇన్‌స్టాల్ చేసినా, లోపల పేజీ గీసేది ఆపిల్ వారి వెబ్‌కిట్ ఇంజినే. ఆపిల్ రూల్ అది. 2024లో యూరోపియన్ యూనియన్ చట్టం వల్ల అక్కడ సడలించారు. కాబట్టి "నేనూ క్రోమే వాడుతున్నాను కదా" అని మీ ఫ్రెండ్ అంటే, చొక్కా ఒకటే గానీ మనిషి వేరు.

మంచి కూడా జరిగింది, అది చెప్పకపోతే అన్యాయం. గ్రిడ్ లేఅవుట్. ఇది ముందు 2012లో మైక్రోసాఫ్ట్ ఐఈ 10లో ప్రయోగంగా వచ్చింది. తర్వాత ఈసారి అందరూ తెలివి తెచ్చుకున్నారు. పేర్లు తగిలించకుండా, సెట్టింగ్స్‌లో దాచిపెట్టి, స్పెసిఫికేషన్ కుదిరేదాకా బయటికి వదల్లేదు. 2017 మార్చిలో ఒక్క నెలలోనే ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారీ మూడింట్లోనూ వచ్చేసింది. క్రోమ్, సఫారీలలో ఆ కోడ్ రాసిన పని ఎక్కువగా ఇగాలియా అనే స్పెయిన్ కంపెనీది, దానికి డబ్బు పెట్టింది బ్లూమ్‌బర్గ్. టేబుల్ ట్రిక్కులు మొదలైన ఇరవై ఏళ్లకి పేజీని సర్దడానికి నిజమైన సాధనం దొరికింది.

ఇప్పుడు మన తెలుగు దగ్గరికి వద్దాం. నేను ఈ ఎపిసోడ్ చేసిందే దీని కోసం.

యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది. కానీ ఉంటే సరిపోదు, కంప్యూటర్‌కి ఒత్తులు, గుణింతాలు సరిగ్గా పేర్చడం రావాలి, ఫాంట్ ఉండాలి. విండోస్‌తో పాటు గౌతమి ఫాంట్ వచ్చింది 2001లో, ఎక్స్‌పీతో. ఈలోపు తెలుగు పత్రికలు వెబ్ మీదికి రావాలి, అమెరికాలో ఉన్న మనవాళ్లు పొద్దున్నే పేపర్ చదవాలి. అప్పుడు దొరికిన ఉపాయం ఇది. ఒక ఫాంట్ తయారుచేస్తారు. అందులో ఇంగ్లిష్ ‘ఎ’ ఉండాల్సిన గదిలో ఒక తెలుగు ముక్క బొమ్మ, ‘బి’ గదిలో ఇంకో ముక్క, ఒక గదిలో తలకట్టు, ఒక గదిలో ఒత్తు. పేజీలో నిజానికి ఉండేది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కలగూరగంప. ఆ ఫాంట్ తొడిగితేనే అది తెలుగు.

ఆ ఫాంట్ చదివేవాళ్ల కంప్యూటర్‌లో ఉండదు కదా. పేజీతో పాటే పంపాలి. పేజీతో ఫాంట్ పంపే ఫాంట్ ఫేస్ అనే రూల్ సీఎస్ఎస్‌లో 1998లోనే రాశారు. కానీ ఫైల్ ఏ ఫార్మాట్‌లో ఉండాలో ఒప్పందం లేదు. మైక్రోసాఫ్ట్ ఈఓటీ అనే తన ఫార్మాట్ ఒక్కదాన్నే చదివేది. నెట్‌స్కేప్ 4 దారి ఇంకోటి. తర్వాత వచ్చిన ఫైర్‌ఫాక్స్‌లో చాలాకాలం రెండూ లేవు. అంటే ఈనాడు, వార్త లాంటి పత్రికల పేజీ ఐఈలో తెరిస్తే తెలుగు, ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే చిల్లర గుర్తులు. దీనికోసమే పద్మ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ వచ్చింది. ఏ పత్రిక ఫాంట్‌లో ఏ గదిలో ఏ ముక్క ఉందో పట్టిక రాసుకుని, పేజీని అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. ఆలోచించండి, ఒక్కో పత్రికకి ఒక్కో పట్టిక. బ్రౌజర్ కంపెనీలు కుదుర్చుకోని ఒప్పందానికి మనవాళ్లు కూర్చుని కట్టిన వంతెన అది.

కంటికి కనపడని నష్టం ఇంకోటుంది. సెర్చ్ ఇంజిన్‌కి ఫాంట్ కనపడదు, అక్షరాలే కనపడతాయి. కాబట్టి ఆ ఏళ్లలో తెలుగులో రాసిన వార్తలు, కథలు, సినిమా రివ్యూలు గూగుల్ దృష్టిలో తెలుగే కాదు. మీరు తెలుగులో టైప్ చేసి వెతికితే అవి రావు.

ఈ తాళం తీయడానికి గట్టిగా అడిగినవాళ్లలో మళ్లీ హోకన్ లీ ఉన్నాడు. అప్పటికి ఒపెరాలో సీటీఓ. మామూలు ట్రూటైప్ ఫాంట్‌నే పేజీతో పంపనివ్వండి అన్నాడు. ఫాంట్ కంపెనీలకి పైరసీ భయం. 2008లో సఫారీ, 2009లో ఫైర్‌ఫాక్స్ తలుపు తీశాయి. తర్వాత అందరూ ఒప్పుకున్న వోఫ్ ఫార్మాట్ వచ్చింది, 2012లో అది స్టాండర్డ్ అయింది. ఆ తర్వాతే గూగుల్ ఫాంట్స్‌లో మన మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ, ఎన్టీఆర్ ఫాంట్లు కనిపిస్తున్నాయి. వాటిని ఉచితంగా అందరికీ ఇచ్చింది సిలికానాంధ్ర. ఏ సైట్‌లో అయినా ఒక్క లైన్‌తో పెట్టుకోవచ్చు, ఏ బ్రౌజర్‌లో అయినా చదవొచ్చు.

ఇంకా కొన్ని చిక్కులు ఉన్నాయి. ఇంగ్లిష్ చూసి డిజైన్ చేసిన బటన్‌లో లైన్ హైట్ బిగించేసి, బయటికి వచ్చింది కత్తిరించు అని రాస్తారు. మన ‘స్త్రీ’లో కింది ఒత్తులు తెగిపోతాయి. లెటర్ స్పేసింగ్ కూడా తెలుగుకి పెట్టకండి, అక్షరాలు విడిపోయి అసహ్యంగా ఉంటుంది. తెలుగు యాప్ చేస్తుంటే లైన్ హైట్ 1.6 దగ్గర మొదలుపెట్టి ఒత్తున్న పదాలతో టెస్ట్ చేయండి.

పాత పేజీల సంగతేంటి అంటారా? ఈఓటీ చదివే ఐఈని మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న రిటైర్ చేసింది. మిగతా ఏ బ్రౌజరూ దాన్ని చదవదు. 2017 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చినప్పుడు పాత పద్ధతిలో రాసిన ఎక్స్‌టెన్షన్లన్నీ పనిచేయడం మానేశాయి. కాబట్టి ఆ కాలం నాటి పేజీ ఎవరైనా దాచి ఉంచినా, తెరిస్తే కనిపించేది చిల్లర గుర్తులే. మీ ఇంట్లో పాత సీడీల్లోనో హార్డ్ డిస్క్‌లోనో నాన్నగారు, తాతగారు సేవ్ చేసుకున్న తెలుగు పేజీలు, పాత ఫాంట్లలో టైప్ చేసిన ఫైళ్లు ఉంటే, పక్కనే ఫాంట్ ఫైల్ కూడా ఉందేమో చూడండి. ఉంటే రెండూ కలిపి కాపీ చేసుకోండి. ఫాంట్ ఉంటే ఏ గదిలో ఏ ముక్క ఉందో చూసి యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రామ్ రాయొచ్చు. ఫాంట్ పోతే మాత్రం ఊహించుకుంటూ కూర్చోవాలి.

ఆ ప్రోగ్రామ్ ఎలా రాయాలో, పైథాన్‌లో, వచ్చే ఎపిసోడ్‌లో ఒక పాత ఫైల్ తీసుకుని చేసి చూపిస్తాను.